‘మాస్టర్’ అనేది వెర్షన్ కాదు

లినక్స్ కోసం ఫ్లాట్‌పాక్ (అప్లికేషన్లను పంచే ఒక పద్ధతి) ప్యాకేజీలు తయారుచేసే మిత్రులు మ్యానిఫెస్ట్‌లో (ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైలులో) రన్‌టైమ్ (అప్లికేషన్ ఆధారపడే ఉమ్మడి లైబ్రరీల కట్ట) వెర్షన్ రాసే ఆ ఒక్క పంక్తిని ఎంత తేలిగ్గా నింపేస్తున్నారో చూస్తే నాకు కోపం వస్తోంది. ఆ కోపంలో సగం నా మీద నాకే, ఎందుకంటే 2024లో నేనూ అదే పని చేశాను.

అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం దగ్గర, మా మామకు వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు ఉంది. తూకాలు, బస్తాల లెక్క, రైతుకు ఇచ్చే చీటీ చూసుకోవడానికి పైథాన్‌లో ఒక చిన్న అప్లికేషన్ రాసి, అక్కడి పాత కంప్యూటర్లలో లినక్స్ వేసి ఇచ్చాను. ఆ ఏడాది మార్చిలో లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ కొత్త వెర్షన్ 46 రావలసి ఉండగా, ఫిబ్రవరిలోనే నాకు అందులోని కొత్త డైలాగ్ మీద మనసుపడింది. అది గ్నోమ్ అప్లికేషన్లకు రూపమిచ్చే లైబ్రరీ లిబ్‌అద్వైత 1.5లో వస్తుంది (ఆ పేరు మన అద్వైతమే). అప్పటి స్థిరమైన రన్‌టైమ్ అయిన గ్నోమ్ 45లో ఉన్నది 1.4. ఆ లైబ్రరీ ఒక్కదాన్నే నా ప్యాకేజీలో కలుపుకుందామని చూస్తే, అది 45లో ఉన్న జీటీకే (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) 4.12 కంటే కొత్తదాన్ని అడిగింది. విసిగిపోయి వెర్షన్ ఉండవలసిన చోట ‘మాస్టర్’ అని రాసి, మిల్లు కంప్యూటర్లకు గ్నోమ్ నైట్లీ రిపాజిటరీని (ఇంకా అభివృద్ధిలో ఉన్న రన్‌టైమ్ రోజువారీగా దొరికే చోటును) తగిలించి, చేతులు దులుపుకున్నాను.

మార్చి 20న గ్నోమ్ 46 విడుదలైంది. ఆ రోజు ‘మాస్టర్’ తీసేసి ‘46’ అని రాసి ఉంటే సరిపోయేది; రాయలేదు. బాగానే నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించాలి అనుకున్నాను. అసలు పొరపాటు అక్కడే ఉంది: నేను కదిలించకపోయినా అది కదులుతూనే ఉంది. ‘మాస్టర్’ ఒక వెర్షన్ పేరు కాదు, ఈ రోజు అభివృద్ధి ఎక్కడిదాకా వచ్చిందో దాని పేరు. ఫిబ్రవరిలో అది 46కు ముందరి రూపం, 46 వేరుపడిన తరువాత అదే పేరుతో 47 వైపు నడక మొదలైంది. ఫ్లాట్‌పాక్‌లో అప్లికేషన్, రన్‌టైమ్ వేర్వేరుగా అప్‌డేట్ అవుతాయి కనుక, నా ప్యాకేజీ పాతదిగానే ఉండగా దాని కింది నేల మారిపోయింది. గ్నోమ్ 46 రన్‌టైమ్‌కు పునాది ఫ్రీడెస్క్‌టాప్ అనే మరో రన్‌టైమ్ 23.08 వెర్షన్, అందులో పైథాన్ 3.11 ఉంటుంది, 47కు పునాది 24.08, అందులో 3.12 ఉంటుంది. నేను ప్యాకేజీలో పెట్టిన మాడ్యూళ్లన్నీ పైథాన్ 3.11 పేరుతో ఉన్న ఫోల్డరులో కూర్చున్నాయి. కొత్త పైథాన్ ఆ ఫోల్డరు వైపు కన్నెత్తి కూడా చూడదు.

విత్తనం కాయలు దించే రోజుల్లో ఒక పొద్దున మామ ఫోన్ చేశాడు. “ఏమప్పా, లారీ వచ్చి నిలబడింది, నీ పెట్టె తెరుచుకోలేదే, నోటుబుక్కులో రాసుకుందామా?” అన్నాడు. రాసుకోమన్నాను. ఆ రోజంతా చీటీలు కార్బన్ కాగితం మీదనే నడిచాయి.

ఇందులో గ్నోమ్ వాళ్ల తప్పు వెతకడం అన్యాయం. మారడమే ఆ రన్‌టైమ్ పని. రాబోయే మార్పుకు మన అప్లికేషన్ తట్టుకుంటుందో లేదో ముందుగా చూసుకోవడానికే దాన్ని పెట్టారు. ఫ్లాట్‌పాక్ అప్లికేషన్లు దొరికే ఫ్లాట్‌హబ్‌లో ప్రచురించేవి అక్కడే ఉన్న రన్‌టైమ్‌ల మీద నిలవాలన్న నియమాన్ని చాలామంది పెద్దరికంగా తిట్టుకుంటారు, నాకు మాత్రం అది నాలాంటి వాళ్ల నుంచి మామలాంటి వాళ్లను కాపాడే కంచెలా కనిపిస్తోంది. పైగా రోజూ మారే రన్‌టైమ్ అంటే రోజూ డౌన్‌లోడే. మన పల్లెల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద కంప్యూటర్ నడిపే మనిషి, నాకు ముచ్చటైన ఒక డైలాగ్ కోసం తన డేటా ఎందుకు ఖర్చుపెట్టాలో నేను చెప్పలేను.

అలాగని స్థిరమైనది అంటే పాతదాన్ని పట్టుకుని వేలాడటం అని అర్థం చేసుకునే వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఫ్రీడెస్క్‌టాప్ రన్‌టైమ్‌కు సుమారు రెండేళ్లు, గ్నోమ్ రన్‌టైమ్‌కు సుమారు ఏడాది మాత్రమే మద్దతు ఉంటుంది. ఆ తరువాత భద్రతా సవరణలు రావు, వాడే వాళ్లకు హెచ్చరిక మాత్రం వస్తుంది. గడువు తీరిన వెర్షన్‌ను ‘స్థిరంగా ఉంది కదా’ అని వదిలేయడం బద్ధకమే.

ఇంకొక చిన్న మాట: యామల్ అనే ఫైలు పద్ధతిలో రాసిన మ్యానిఫెస్ట్‌లో వెర్షన్‌ను కొటేషన్ గుర్తుల మధ్యనే రాయండి. 6.10 అని ఊరికే రాస్తే అది దశాంశ సంఖ్యగా మారి 6.1 అయిపోతుంది. దీనికి నా రాత్రి ఒకటి పోయింది.

ఇప్పుడు నా దగ్గర రెండు మ్యానిఫెస్ట్‌లు ఉన్నాయి. మిల్లుకు వెళ్లేదానిలో ఎప్పుడూ అంకె ఉంటుంది. ‘మాస్టర్’ ఉన్నది నా లాప్‌టాప్ దాటి బయటకు పోదు, వారానికొకసారి దాన్ని బిల్డ్ చేసి ఏం విరిగిందో చూసుకుంటాను. మార్చిలోనో సెప్టెంబరులోనో కొత్త గ్నోమ్ వచ్చాక, మిల్లులో కాయలు లేని రోజు ఏదో మామనే అడిగి, ఆ రోజు అంకె మారుస్తున్నాను.