బూడిదను పూడ్చేసే ముందు

వేసవి గాలి లేచిందంటే బొగ్గు విద్యుత్కేంద్రాల బూడిద చెరువుల పక్కనున్న ఊళ్లలో ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవలసిందే. మూత పెట్టని బిందెలో నీళ్ల మీద పొర కడుతుంది. పెరట్లో ఆకుల పచ్చదనం కనిపించకుండా పోతుంది. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం, పరవాడ వంటి చోట్ల జనం బూడిదతోనే ఏళ్లుగా కాపురం చేస్తున్నారు. ఆ బూడిదలో ఇట్రియం, నియోడిమియం, డిస్ప్రోసియం వంటి, అయస్కాంతాల తయారీకీ మరికొన్నింటికీ కావలసిన అరుదైన భూమూలకాలు ఉన్నాయన్న మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. మాట నిజమే. ఏ కేంద్రం బూడిదలో ఎంత ఉంది, అందులో చేతికొచ్చేది ఎంత అన్న వివరం మాత్రం ప్రజల ముందు లేదు. అది తేల్చకుండానే లారీల కొద్దీ బూడిదను రహదారుల కట్టల కింద పూడ్చేస్తున్నాం. మా అభ్యంతరమల్లా ఈ తొందర మీదే.

2021-22లో దేశంలోని బొగ్గు విద్యుత్కేంద్రాల నుంచి సుమారు 27 కోట్ల టన్నుల బూడిద వెలువడింది. ప్రపంచంలో బొగ్గు బూడిదల సగటు చూస్తే టన్నుకు 400 గ్రాముల అరుదైన మూలకాలు ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. ఆ సగటే మనకూ వర్తిస్తుందనుకుంటే ఒక్క ఏడాది బూడిదలో లక్ష టన్నులు దాటుతాయి. దేశంలో ఏటా ఉత్పత్తి అవుతున్నవి సుమారు మూడు వేల టన్నులే. ఈ రెండంకెలూ పక్కపక్కన చూసిన ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ మన బొగ్గులో బూడిద పాలు మూడో వంతుకు అటూఇటూ ఉంటుంది. మట్టి ఎక్కువైన కొద్దీ విలువైన మూలకాలు అందులో పలచబడే అవకాశం ఉంది. సగటు లెక్క పట్టుకుని ఊరేగితే బోల్తా పడతాం.

పరీక్ష అంటే చిటికెడు బూడిద యంత్రంలో వేసి అంకె రాసుకోవడం కాదు. పొగతో పాటు పైకెగిరే మెత్తటి బూడిదను ఫ్లై యాష్ అంటారు. సూక్ష్మదర్శిని కింద పెడితే అది నున్నటి గాజు పూసల్లా కనిపిస్తుంది. కొలిమి వేడికి కరిగిన మట్టి గాల్లోనే చల్లారి అలా గుండ్రబడుతుంది. అరుదైన మూలకాల్లో చాలా భాగం ఆ గాజులోనే బిగుసుకుని ఉంటుంది. మామూలు ఆమ్లంలో నానబెడితే అన్నీ బయటికి రావు. గాజును పూర్తిగా ఛేదించాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమైనా వాడాలి, క్షారంతో కలిపి కరిగించనైనా కరిగించాలి. ఆ ద్రావణాన్ని, బరువును బట్టి మూలకాలను గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటరులో కొలిచేటప్పుడు మరో చిక్కు ఉంది. బూడిదలో దండిగా ఉండే బేరియం, ఆక్సిజన్‌తో జతకట్టి యూరోపియంతో సమానమైన బరువు తూగుతుంది. దాన్ని సరిదిద్దకపోతే లేని యూరోపియం ఉన్నట్టు కాగితానికెక్కుతుంది. అందుకే మొత్తం ఎంత ఉంది, ఆమ్లానికి ఎంత లొంగుతుంది అని రెండు అంకెలు చెప్పని నివేదిక మీద పెట్టుబడి పెట్టకూడదు.

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఈ తేడానే చూపారు. అపలాచియన్ బొగ్గు బూడిదలో టన్నుకు సగటున 591 గ్రాములు తేలాయి. అక్కడి పౌడర్ రివర్ ప్రాంతపు బొగ్గు బూడిదలో 337 గ్రాములే. నైట్రిక్ ఆమ్లంతో రాబట్టబోతే పేద బూడిద 70 శాతం దాకా ఇచ్చింది, సంపన్నమైనది 30 శాతం దగ్గరే ఆగింది. సంపన్నమైన అపలాచియన్ రకంలో కాల్షియం తక్కువ, గాజు మొండిది. మన బూడిదలు ఎక్కువగా ఆ కోవకే చెందుతాయి. పైగా రామగుండంలో కాలేది సింగరేణి బొగ్గు, పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్కేంద్రంలో ఒడిశాలోని తాల్చేరు బొగ్గు. ఒకదాని ఫలితం ఇంకొకదానికి అంటగట్టలేం.

ఇంత శ్రమ అవసరమా అంటే, అవసరమే. దేశంలో అరుదైన మూలకాలుండే మోనజైట్ ఖనిజం నిల్వలు అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్ తీరంలోనే. అయితే ఆ ఇసుకలో దొరికేవి ప్రధానంగా తేలికపాటి మూలకాలు. వేడికి బలం కోల్పోని అయస్కాంతాలకు కావలసిన డిస్ప్రోసియం, టెర్బియం వంటి బరువైనవి అందులో అత్యల్పం. 2025 ఏప్రిల్‌లో చైనా ఈ రెంటితో సహా ఏడు మూలకాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే మన వాహన పరిశ్రమ ఉక్కిరిబిక్కిరైంది. బూడిదలో బరువైన మూలకాల వాటా మోనజైట్‌లోకన్నా మెరుగ్గా ఉంటుంది. అదే దాని అసలు ఆకర్షణ.

కాలం మాత్రం కలిసి రావడం లేదు. 2021 డిసెంబరు నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం చెరువుల్లో పేరుకున్న పాత బూడిదను పదేళ్లలో వదిలించుకోవాలి. ఊళ్ల ఆరోగ్యం కోసం పెట్టిన గడువు అది, సడలించమని మేము అడగం. కానీ సిమెంటులో కలిసినదీ, రోడ్డు కింద చేరినదీ మళ్లీ దొరకదు. విలువైన మూలకాలు సాధారణంగా మెత్తటి బూడిదలో ఎక్కువ. సిమెంటు కర్మాగారాలు ముందుగా ఎత్తుకుపోయేదీ అదే. కాబట్టి ప్రతి కేంద్రంలో పొగలోంచి బూడిద పట్టే తొట్ల వరుసల నుంచి విడివిడిగానూ, పాత చెరువుల్లో లోతుల వారీగానూ నమూనాలు తీసి పరీక్షించాలి. జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు 16,300 కోట్ల రూపాయలు కేటాయించిన కేంద్రానికి ఈ ఖర్చు లెక్కలోది కాదు. హైదరాబాద్‌లోనే ఇటువంటి పనికి తగిన జాతీయ ప్రయోగశాలలు ఉన్నాయి.

మరొక్కటి. గాజును ఛేదించే ఆమ్లం, క్షారం చివరికి వ్యర్థమై ఎక్కడికో చేరాలి. బూడిద మింగిన ఊళ్లే ఆ నీళ్లూ తాగాల్సిన గతి పట్టకూడదు. డిస్ప్రోసియాన్ని కొలిచే యంత్రమే ఆర్సెనిక్, సీసం, క్రోమియం కూడా కొలవగలదు. పరీక్ష ఎలాగూ జరుగుతున్నప్పుడు ఆ అంకెలూ తీయాలి, తెలుగులో రాసి చెరువు గట్టు కింది పంచాయతీ కార్యాలయం గోడకు అతికించాలి.