సవరణ: గ్రాండ్ స్ప్లెండిడ్ గురించి నిన్న తప్పు రాశా

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో పుస్తకాల షాపుగా మారిన పాత సినిమా హాలు, ఎల్ అతెనెయో గ్రాండ్ స్ప్లెండిడ్, "1929లో సినిమా హాలుగానే కట్టారు" అని నిన్న పోస్టులో రాసేశాను, తప్పండీ అది. కట్టింది 1919లో, అదీ నాటకాల కోసం, మాక్స్ గ్లూక్స్‌మన్ అనే ఆయన కట్టించాడు, తర్వాత 1929లో దాన్నే సినిమా హాలు చేసి టాకీలు వేశారు. పుస్తకాలొచ్చింది 2000లో.

ఇంకోటి, లోపలి బొమ్మలన్నీ ఒక్కరివే అన్నట్టు రాశా. కాదు. పైన గుమ్మటం పెయింటింగ్ నజరేనో ఓర్లాండీది, మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయి శాంతి వచ్చిందన్న థీమ్; స్తంభాల్లా నిలబెట్టిన ఆడవాళ్ళ శిల్పాలేమో త్రోయానో త్రోయానీవి.

స్టేజీ మీద కేఫ్ ఉందన్నది మాత్రం కరెక్టే. ఎర్ర తెర ఇంకా అలాగే పక్కలకి లాగి ఉంటుంది, దాని వెనక కాఫీ తాగుతూ హాలు వైపు చూస్తే ఒకప్పుడు కుర్చీలున్న చోటంతా పుస్తకాల ర్యాకులే, పక్కన ఒకప్పుడు ప్రేక్షకులు కూర్చున్న చిన్న గదుల్లాంటి బాక్సుల్లో ఎవరో ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంటారు (మన దగ్గరైతే ఈపాటికి ఫంక్షన్ హాలు అయ్యుండేది). పాత పోస్టు కూడా సరిచేశా.