ముందు ఎడమ డోరులో కాపురముంటున్న జిర్రుగారికి

మహారాజశ్రీ జిర్రుగారి దివ్యసముఖానికి,

ఆర్‌సీ బుక్కులో మాత్రమే ఈ కారుకు ఓనరునైన నేను నమస్కరించి రాసుకునేది ఏమనగా, మొన్న ఆదివారం విజయవాడ ఆటోనగర్‌లో తమరు చూపించిన వినయానికి నోట మాట రాలేదు. పదకొండింటి నుంచి నాలుగింటి దాకా ఒక మెకానిక్, అతని కింద పనిచేసే కుర్రాడు, టీలు తెచ్చిన అబ్బాయి, ఊరికే ఆగి చూస్తున్న ఆటో డ్రైవరు, ఇంతమంది చెవులు రిక్కించి నిలబడితే తమరు పెళ్లిచూపుల్లో పిల్లలా తల దించుకుని కూర్చున్నారు. మెకానిక్ ఎడమ సీట్లో ఎక్కి, ఆర్మ్‌రెస్ట్ మీద మోచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని మూడు పాటలు పూర్తిగా విన్నాడు. "ఏదీ సార్, ఏం రావట్లేదే" అన్నాడు. అయినా వచ్చినందుకు నంబర్ ప్లేటు దగ్గర్నుంచి సీటు బెల్టు బకిల్ దాకా బిగించగలిగినవన్నీ బిగించి ఆరు వందలు పుచ్చుకున్నాడు.

బెంజి సర్కిల్ ఇంకా రాలేదు. పాటలో బేస్ అందుకుంది. "జిర్ర్ర్ర్ర్" అన్నారు తమరు. ఎంత ఆప్యాయంగా అన్నారండీ!

తమరి పుట్టుక నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఆరున్నర అంగుళాల కొత్త స్పీకర్లు వేయించినప్పుడు, "డోర్ ప్యాడ్ తీసినట్టే తెలీదు సార్, కంపెనీ ఫిట్టింగే" అని షాపాయన గుండె మీద చెయ్యేసి చెప్పాడు. పోయిన నెల మళ్లీ వెళితే, "నాలుగు డోర్లకీ అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్లు వేయించేద్దాం సార్" అని మళ్లీ అదే గుండె, అదే చెయ్యి.

తమరి కోసం నేను వెతకని చోటు లేదు. డోర్ పాకెట్లో ఫాస్టాగ్ రాకముందు టోల్ గేటు చిల్లర దొరికింది, తీసేశాను. డాష్‌బోర్డు మీద వినాయకుణ్ణి లేపి అత్తరు సీసాతో సహా వెనక సీట్లో కూర్చోబెట్టాను. విఘ్నాలు తొలగించే దేవుణ్ణే విఘ్నమని అనుమానించిన పాపం కూడా తమరి ఖాతాలోనే రాసుకోండి.

అవన్నీ క్షమిస్తాను. క్షమించలేనిది ఒక్కటే. ఈ రెండేళ్లలో నాకు ఒక్క సాక్షినైనా మిగల్చలేదు తమరు.

మా ఆవిడ పక్కన కూర్చుంటే మౌనవ్రతం. ఆవిణ్ణి తెనాలిలో పుట్టింట్లో దింపి ఒక్కణ్ణే తిరిగొస్తుంటే దారి పొడుగునా సంకీర్తన. మా బావమరిదిని ఎక్కించుకుని అదే రోడ్డు, అదే పాట, అదే వాల్యూమ్ పెట్టాను. నిశ్శబ్దం! "సౌండ్ సూపరుంది బావా" అన్నాడు. "అల్లుడుగారికి ఆఫీసులో టెన్షన్ ఎక్కువైనట్టుందే" అని మా అత్తగారు ఫోన్లో అనడం నా చెవులతో నేను విన్నాను. ఆ చెవుల్నే డాక్టరు దగ్గరికి తీసుకెళితే, అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. దాంతో పరిస్థితి ఇంకా పాడైంది. తేడా చెవుల్లో లేదంటే, ఇక పైనే అని ఇంట్లో తేలిపోయింది.

నీకేం అన్యాయం చేశానురా? సర్వీసింగు ఆపానా? గుంతల్లో దూకించానా? నలుగురిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి మోగితే నీ సొమ్మేం పోయింది?

క్షమించాలి. మాట జారింది.

ఆ రాత్రే సెల్లార్‌లో కూర్చుని, ఒక్కో శ్రుతినే విడిగా పలికించే టోన్ యాప్ ఫోన్లో పెట్టి, కారు స్పీకర్లకు కలిపి, 40 హెర్ట్జ్ నుంచి ఒక్కో మెట్టూ ఎక్కాను. 70 దగ్గర ఏమీ లేదు. 80 దగ్గర చిన్న దగ్గు. 83కి రాగానే తమరికి పూనకం వచ్చేసింది. 90కి మళ్లీ ఏమీ ఎరగనట్టు. ప్రతి వస్తువుకీ ఒక సొంత శ్రుతి ఉంటుందనీ, బయట అదే శ్రుతి పలికితే అది ఊగిపోతుందనీ స్కూల్లో చదువుకున్నదే. కానీ అది నా డోరులో కాపురముంటుందని మాస్టారు చెప్పలేదు.

ఆ హోరుకి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, నీళ్ల మోటరేమైనా కాలిపోతోందా?" సాక్షి దొరికాడని ప్రాణం లేచొచ్చింది. రా బాబూ, కూర్చుని విను అన్నాను. కూర్చున్నాడు. డోరు వేసుకున్నాడు. తమరు మాయం. దిగి డోరు వేశాడు, తమరు ప్రత్యక్షం. మళ్లీ కూర్చోబెట్టాను. మాయం. పాపం అతను భయపడుతున్నాడు గానీ నేను అతని మొహం చూడట్లేదు, మోచెయ్యి చూస్తున్నాను. అది ఆర్మ్‌రెస్ట్ మీద ఉంది. తియ్యమన్నాను. జిర్ర్ర్ర్. పెట్టమన్నాను. మౌనం. మెకానిక్ మోచెయ్యి, బావమరిది మోచెయ్యి, మా ఆవిడ మోచెయ్యి అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

పొద్దున్నే డోరుకు లోపలివైపు ఉండే ప్యాడ్ ఊడదీశాను. తొమ్మిది క్లిప్పుల్లో రెండు విరిగిపోయి ఉన్నాయి, సరిగ్గా ఆర్మ్‌రెస్ట్ కిందే. ప్యాడ్ అంచు వెళ్లి రేకును కొట్టుకుంటోంది. చెయ్యి ఆనిస్తే నొక్కుకుని కిమ్మనదు. కొత్త క్లిప్పులు రెండూ కలిపి ఇరవై రూపాయలు. మా అబ్బాయి పాత హవాయి చెప్పు కోసి, సన్నటి ముక్క అంచుకు అంటించి బిగించాను. 83 పెట్టాను. వాల్యూమ్ పెంచాను. ఎంత పెంచినా పాటే వచ్చింది.

సాయంత్రం మా ఆవిణ్ణి కూర్చోబెట్టి గర్వంగా పాట పెట్టాను. ఆవిడ ఆర్మ్‌రెస్ట్ మీద మోచెయ్యి ఆనించి తీరిగ్గా విని, "చూశారా, నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను ఏమీ లేదని. ఆరు వందలు దండగ" అంది. విరిగిన క్లిప్పులు చూపించాను. "ఇవెక్కణ్ణుంచి ఏరుకొచ్చారు?" అంది.

అందుకని ఒక చిన్న మనవి. బుధవారం సాయంత్రం తెనాలి నుంచి అత్తగారిని తీసుకొస్తున్నాం. ఆవిడ ముందు సీట్లోనే కూర్చుంటారు. ఆ చెప్పు ముక్క ఒక్క గంటసేపు తీసి ఉంచుతాను, క్లిప్పులు కూడా వదులు చేస్తాను. దయచేసి ఒక్కసారి రండి. 83 హెర్ట్జ్ ఉన్న పాట నేను పెడతాను. ఆవిడ మోచెయ్యి సంగతి నేను చూసుకుంటాను.