ఆక్సిజన్ పండిన రోజు

వెలుతురుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టవచ్చని ఫుజిషిమా, హోండా 1972లోనే చూపించారు. అదే పని మొన్న నా చేతుల మీదుగానూ జరిగింది. సరిగ్గా అరగంటసేపు.

ఈ పనికి నా సరుకు, వెలుతురు పీల్చుకునే కార్బన్ నైట్రైడ్ అనే పసుపుపచ్చ పొడి. దాని మీద ప్లాటినం పరమాణువుల్ని ఒక్కొక్కటిగా, ఒకదానికొకటి తగలకుండా కూర్చోబెట్టాలి. ముద్దగా ఉంటే పైనున్నవే పనిచేస్తాయి, లోపలివి జీతం తిని పడుకుంటాయి. విడివిడిగా ఉంటే ఎవరికీ తప్పించుకునే దారి లేదు. వినడానికి బాగానే ఉంది గానీ, ఒంటరి పరమాణువుకి స్థిమితం ఉండదు. కాస్త వేడి ఎక్కువైతే చాలు, జరుక్కుంటూ వెళ్ళి గుంపు కడుతుంది. మొదటిసారి ఫర్నేస్ దగ్గర నేను కునుకు తీసి లేచేసరికి పసుపు పొడి బూడిద రంగుకి తిరిగింది. లోపల మహాసభ జరిగిపోయింది.

రెండోసారి నిద్ర మానేశాను. పొడి పసుపుగానే నిలిచింది. నీళ్ళలో కలిపి, ఫ్లాస్కుకి సెప్టం అనే రబ్బరు మూత బిగించి, లోపలి గాలంతా ఆర్గాన్‌తో తరిమేసి జినాన్ దీపం వెలిగించాను. గంటగంటకీ సూదితో సెప్టం పొడిచి, కాస్త వాయువు లాగి జీసీలోకి, అంటే వాయువుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి, ఎక్కించడం. మా జీసీలో ముందు హైడ్రోజన్ వస్తుంది, తర్వాత ఆక్సిజన్, ఆ వెనకాల నైట్రోజన్.

మూడో గంటలో హైడ్రోజన్ పిసరంత కనిపించింది. ఆ పక్కనే ఆక్సిజన్ పీక్, తెర పైఅంచు తాకుతూ! ఆక్సిజన్ రాబట్టడమే ఇందులో అసలు కష్టం. ఒక్క అణువు రావాలంటే నాలుగు హోల్స్, అంటే వెలుతురు తగిలి ఎలక్ట్రాన్లు లేచిపోయిన ఖాళీలు, కలిసి రావాలి. ఇక నైట్రోజన్ దాకా ఆగే ఓపిక ఎవరికుంటుంది? రన్ అక్కడికక్కడే ఆపేసి, ల్యాబంతా చాటింపు వేసి, మేడం గదికి పరిగెత్తాను.

మేడం గ్రాఫు చూసి, కళ్ళజోడు సర్దుకున్నారు. "హైడ్రోజన్ రెండు పాళ్ళు, ఆక్సిజన్ ఒక పాలు కదా నాయనా రావాల్సింది? నీకు తిరగబడిందేం?"

"కొత్త మెకానిజం అయి ఉంటుంది మేడం," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

"రన్ పూర్తిగా నడిపించు."

నడిపించాను. ఆక్సిజన్ వెనకాలే నైట్రోజన్ ఏనుగులా నడిచొచ్చింది. లెక్కకట్టి చూస్తే దానికి దాదాపు నాలుగింతలు.

"నీళ్ళలో నైట్రోజన్ ఎక్కడిది నాయనా?"

అది నేను పీలుస్తున్న గాలే. సెప్టం తీసి దీపానికెదురుగా పెడితే జల్లెడ. రెండు నెలలుగా దాన్నే పొడుస్తున్నాను.

కొత్త సెప్టం వేశాక ఆక్సిజన్ మాయమైంది. హైడ్రోజన్ మాత్రం మిగిలింది. పోనీలే, సగం పరువు దక్కిందనుకున్నాను. "ఫ్లాస్కు దేనితో కడిగావు?" అన్నారు మేడం. మిథనాల్‌తో. సరిగ్గా ఆరబెట్టలేదు కూడా. మిథనాల్ ఉంటే హోల్స్ దాన్నే నమిలేస్తాయి, నీళ్ళ జోలికి పోవు. అటు ఎలక్ట్రాన్లు తీరుబడిగా హైడ్రోజన్ తీస్తాయి. ఫ్లాస్కు శుభ్రంగా కడిగి ఆరబెట్టి మళ్ళీ నడిపిస్తే హైడ్రోజన్ కూడా సెలవు తీసుకుంది.

ఇప్పుడు ల్యాబ్‌లో ఎవరి ఫ్లాస్కు లీకైనా ముందు నన్నే పిలుస్తారు. సెప్టంల డబ్బా తాళం కూడా నా దగ్గరే ఉంచారు.