శ్రీకృష్ణ జన్మస్థానానికి ఫ్యామిలీ టూర్

పర్యాటక రంగాన్ని ఎలా పైకి తేవాలో తెలియక మన ప్రభుత్వాలు కిందామీదా పడుతున్నాయి. గాజు వంతెన అంటాయి, బీచ్ ఫెస్టివల్ అంటాయి. ముందుచూపు బొత్తిగా లేదు. ముందుచూపంటే ఫ్రాన్సుది. దక్షిణ అమెరికాలోని తన ఫ్రెంచ్ గయానాలో 1852లోనే ద్వీపాంతర శిక్షకు ఏర్పాట్లు చేసి, వందేళ్ల పాటు ఓపిగ్గా నడిపి, సుమారు 70 వేల మందిని తెచ్చి పడేసి, 1953లో మూసేసి, ఆ తర్వాత టికెట్లు కోయడం మొదలుపెట్టింది. ఒక టూరిస్టు స్పాట్ కోసం శతాబ్దం కష్టపడిన ప్రభుత్వం ఇంకోటి ఉంటే చెప్పండి.

అక్కడి తీర పట్టణం కౌరూ నుంచి పడవెక్కితే రాయల్ దీవి వస్తుంది. ఒకప్పటి వార్డర్ల మెస్ ఇప్పుడు హోటల్. గది వద్దనుకుంటే ఊయల కట్టుకుని పడుకోవచ్చు. ఈత కొట్టాలంటే సముద్రం అంచున రాళ్లు పేర్చి కట్టిన కొలను ఉంది. కట్టింది ఖైదీలే, కూలి అడగలేదు. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా డెవిల్స్ ఐలాండ్. చెయ్యని నేరానికి ఫ్రెంచ్ సైన్యంలోని కెప్టెన్ డ్రేఫస్‌ను 1895 నుంచి 1899 దాకా ఉంచిన రాతి గుడిసె అక్కడిదే. ఆయన పారిపోయాడని ఒక పుకారు పుడితే, రాత్రిళ్లు కాళ్లకు ఇనుప కడియాలు బిగించారు. సముద్రం కంటికి కనబడకుండా గుడిసె చుట్టూ ఎత్తుగా దడి కట్టారు. ఇవాళ సీ వ్యూ గదికి ఎక్స్‌ట్రా ఎందుకు తీసుకుంటారో మనం అర్థం చేసుకోవాలి. ఆ దీవిలోకి మాత్రం టూరిస్టులను దిగనివ్వరు. ఇదివరకు ఎంట్రీ అంత కష్టంగా ఉండేది కాదు.

పక్కనే సెయింట్ జోసెఫ్ దీవి, ఒంటరి శిక్షకు ప్రత్యేకం. కొట్లకు పైకప్పు బదులు ఇనుప చువ్వలు. వాటి పైన వార్డర్లు తిరుగుతూ కిందికి చూసేవారు. మాట్లాడితే తప్పు. ఇప్పుడు ఆ గోడల్లోంచి చెట్ల వేళ్లు దిగాయి, ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయట. ఖైదీ చనిపోతే శవాన్ని సముద్రంలోకి, అంటే సొరచేపలకు, వదిలేవారు. వార్డర్లకు, వాళ్లవాళ్లకు మాత్రం ఒడ్డునే పద్ధతిగా సమాధులున్నాయి. చావులోనైనా క్లాస్ చూడాలి కదా!

ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే ఆఫర్ కూడా మొదట అక్కడే పెట్టారేమో అని నా అనుమానం. ఎనిమిదేళ్ల లోపు శిక్ష పడితే, అది పూర్తయ్యాక మరో అన్నేళ్లు ఆ గడ్డ మీదే ఉండాలి. ఎనిమిదేళ్లు, ఆ పైన అయితే జీవితాంతం. ఇంత ఉదారమైన స్టే ఎక్స్‌టెన్షన్ ఏ ట్రావెల్ ఏజెంటూ ఇవ్వడు.

ఇక రాకెట్లు. కౌరూలోనే రాకెట్ ప్రయోగ కేంద్రం కూడా ఉంది. శ్రీహరికోట ఉన్న మనకు అది కొత్తేమీ కాదు. మన ఉపగ్రహాలు 1981లో యాపిల్, 2018లో 5,854 కిలోల జీశాట్-11 ఎగిరింది అక్కడి నుంచే. ప్రయోగం రోజున దీవులు ఖాళీ చేయిస్తారు. ఎవరినీ కదలనివ్వని చోట ఇప్పుడు ఎవరినీ ఉండనివ్వరు. జేమ్స్ వెబ్ టెలిస్కోపును 15 లక్షల కిలోమీటర్ల దూరం పంపిన గడ్డ మీద మారిపసూలా అనే ఊరికి ఇంకా రోడ్డు లేదు. విమానం, లేదంటే ఏట్లో పడవ. 2017లో జనానికి ఒళ్లు మండి ఆసుపత్రులు, బళ్లు, భద్రత కావాలని రోడ్లకు అడ్డం కూర్చుంటే రాకెట్ కూడా ఆగిపోయింది. అల్ప సంతోషులు కారు పాపం.

తాబేళ్లు, మొసళ్లు, అడవి కూడా ఉన్నాయి. అవి ప్రభుత్వం కట్టినవి కావు కాబట్టి వదిలేద్దాం. కట్టినవాటిలో బ్రెజిల్ సరిహద్దున ఒయాపాక్ నది మీది వంతెన చూసి తీరాలి. 2011లో పూర్తయింది, 2017లో తెరిచారు. మధ్యలో జనం దాని కింద నుంచే పడవల్లో దాటారు. వంతెన నీడ ఇస్తుందని ఎవరు మాత్రం కాదంటారు?

వెళ్లేవాళ్లకు ఒక మాట: చెల్లేది యూరో అయినా ఒకే వీసాతో యూరప్ దేశాలు తిరిగే షెంగెన్ ఏర్పాటులో లేదు, వీసా విడిగా చూసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి.

ఇప్పుడు వెళ్లలేకపోయినా బెంగ లేదు, కొత్త స్పాట్ రాబోతోంది. పాత ఖైదీల ఓడలు ఆగిన సెయింట్ లారెంట్‌లోనే 500 మంది పట్టే, హై సెక్యూరిటీ విభాగం ఉన్న జైలు కట్టి 2028లో తెరుస్తామని ఫ్రాన్స్ న్యాయ మంత్రి దర్మానాఁ 2025 మేలో ప్రకటించారు. మాకు చెప్పనేలేదని స్థానిక నాయకులు గొంతు చించుకున్నారు. తాతల నాటి ఆనవాయితీకి మళ్లీ చెప్పడమెందుకు? నా సూచన ఒక్కటే. టికెట్ కౌంటర్‌కు, టాయిలెట్లకు, బస్సుల పార్కింగుకు ప్లానులో ఇప్పుడే చోటు వదిలేస్తే, 2128లో గోడలు పగలగొట్టే ఖర్చు కలిసొస్తుంది.