తుప్పు గారి ప్రతిభ, గ్రాఫైట్ ఉద్యోగం

లిథియం అయాన్ బ్యాటరీని సోనీ సంస్థ 1991లో విపణికి తెచ్చిన నాటి నుండి దాని ఆనోడ్ (ఛార్జింగ్‌లో లిథియంను దాచుకునే రుణ ధ్రువం) పదవిలో ప్రధానంగా కర్బన వంశస్థులే కొనసాగుతున్నారు. ప్రస్తుతం ఆ స్థానంలో ఉన్న గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ గంటలకు మించి దాచలేదు. ఇనుముపై పిలవకుండానే వచ్చి కూర్చునే తుప్పుకు దగ్గరి చుట్టమైన ఐరన్ ఆక్సైడ్ మాత్రం సుమారు 1007 దాచగలదని లెక్కలు చెబుతున్నాయి. ఇంతటి ప్రతిభను గరుకు కాగితంతో గీకి పారేయడం ఎంతటి అపచారమో ఆలోచించాలి.

ఈ అన్యాయాన్ని సరిదిద్దేందుకు పరిశోధకులు చేసిన కృషి సామాన్యమైనది కాదు. లోహ ఆక్సైడ్లను నానో కణాలుగా చేస్తే లిథియంను మళ్లీ మళ్లీ తీసుకుని వదలగలవని 2000లో నేచర్ పత్రికలో ప్రచురితమైన నాటి నుండి కోబాల్ట్, ఇనుము, నికెల్, మాంగనీస్ ఆక్సైడ్లు బోలు గోళాలుగా, కడ్డీలుగా, పువ్వులుగా, ముళ్లబంతులుగా పుడుతూనే ఉన్నాయి. ఆకారం మారినప్పుడల్లా ఒక పత్రం వెలువడుతుంది; గ్రాఫైట్ అసమర్థతతో మొదలై, తమ పదార్థం ఆశాజనకమన్న మాటతో ముగుస్తుంది.

కొన్ని చిల్లర అభ్యంతరాలు లేకపోలేదు. గ్రాఫైట్ ఛార్జింగ్‌లో పదిశాతం మేర ఉబ్బితే, ఐరన్ ఆక్సైడ్ దాదాపు రెట్టింపవుతుంది. అలా ఉబ్బుతూ కుంచించుకుపోతూ పొడిపొడిగా రాలుతుంది. పైగా దానికి విద్యుత్ వాహకత తక్కువ కనుక చుట్టూ కర్బనపు పూత పూసి, గ్రాఫీన్ అనే పలుచని కర్బన పొరను దుప్పటిగా కప్పి నడిపించాలి. కర్బనాన్ని గద్దె దించడానికి బయలుదేరిన వీరుడు కర్బనం భుజం పట్టుకునే నడవడాన్ని వినయంగానే అర్థం చేసుకోవాలి. ఛార్జి చేసేటప్పుడూ వాడుకునేటప్పుడూ వోల్టేజిలో ఒక వోల్టు దాకా తేడా రావడం కూడా ఔదార్యమే. తీసుకున్న శక్తిలో కొంత వేడి రూపంలో పరిసరాలకు దానమవుతుంది.

అయితే అసలైన మహత్తు పరీక్షా విధానంలో ఉంది. ప్రయోగశాలలో ఆక్సైడ్‌కు ఎదురుగా లిథియం లోహపు రేకు ఉంటుంది, అందులో అవసరానికి ఎన్నో రెట్లు లిథియం ఉంటుంది. మొదటి ఛార్జింగ్‌లోనే తీసుకున్న లిథియంలో సుమారు మూడో వంతు మింగి తిరిగి ఇవ్వకపోయినా అక్కడ అడిగే నాథుడు లేడు. నిజమైన బ్యాటరీలోనైతే లిథియం సాధారణంగా కాథోడ్ (ధన ధ్రువం) నుండి లెక్కగా రావాలి, పోయినది పోయినట్టే. అందుకే వివేకవంతులు ఆ సంగతిని పట్టికలో చిన్న అక్షరాలకు అప్పగించి, వందో ఆవృత్తి (ఒకసారి ఛార్జి చేసి వాడుకోవడం) నుండి కథ మొదలుపెడతారు. కొన్ని పత్రాలలో సామర్థ్యం ఆవృత్తులు గడిచేకొద్దీ పెరిగి సైద్ధాంతిక హద్దును సైతం దాటిపోతుంది. ఎలక్ట్రోలైట్ (ధ్రువాల మధ్య ఉండే ద్రవం) నుండి ఏర్పడే జిగురు పొర దీనికి కారణమని చెబుతారు. వయసుతో పాటు బలం పెరిగే ఈ భాగ్యం మనుషులకు లేదు.

ఇంత సాధన చేసిన వారిని పక్కనబెట్టి, లిథియం టైటనేట్ అనే ఆక్సైడ్‌కు తోషిబా 2008లో ఉద్యోగమిచ్చింది. దాని సామర్థ్యం 175, అంటే గ్రాఫైట్‌లో సగం కూడా కాదు. వోల్టేజి విషయంలోనూ నష్టమే. దానికున్న ఏకైక అర్హత దాదాపు ఉబ్బకుండా వేల ఆవృత్తులు పనిచేయడం. ఇటువంటి పక్షపాతం మళ్లీ జరగకుండా ఉండాలంటే, ఇకపై ప్రతి ఫోన్‌ను విడిగా ఒక లిథియం రేకుతోను, మొదటి ఛార్జింగ్‌ను లెక్కలోకి తీసుకోరాదన్న హామీపత్రంతోను కలిపి అమ్మాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.