స్విఫ్ట్ కోడ్ చెబితే ఖాతా ఖాళీ అయిపోతుందా?

విదేశాల నుంచి డబ్బు పంపేటప్పుడు బ్యాంకును గుర్తుపట్టడానికి ఇచ్చేది స్విఫ్ట్ కోడ్. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దాని మీద మళ్లీ ఆ ఫార్వర్డే తిరుగుతోంది. "స్విఫ్ట్ కోడ్, ఐఎఫ్‌ఎస్‌సీ ఒకటే. మీ బ్రాంచికి స్విఫ్ట్ కోడ్ లేకపోతే డబ్బు మధ్యలోనే పోతుంది. కోడ్ ఎవరికీ చెప్పొద్దు, ఖాతా ఖాళీ అవుతుంది. కోడ్ కరెక్టయితే పైసా తగ్గకుండా వస్తుంది." నాలుగు ముక్కలూ తప్పే.

ఒకటే అనుకోవడానికి కారణం లేకపోలేదు. స్టేట్ బ్యాంకువి రెండూ ఎస్, బీ, ఐ, ఎన్ అనే మొదలవుతాయి. ఆ తర్వాత చూడండి: ఐఎఫ్‌ఎస్‌సీలో అయిదో స్థానంలో సున్నా ఉంటుంది, స్విఫ్ట్‌లో అయిదు, ఆరు స్థానాల్లో దేశం గుర్తు ఐ, ఎన్ ఉంటాయి. ఐఎఫ్‌ఎస్‌సీ దేశం లోపలి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌ల కోసం. మరి అమెరికా నుంచి యాప్‌లో పంపితే ఐఎఫ్‌ఎస్‌సీ ఒక్కటే అడిగిందే అంటారా, ఆ యాప్ తరఫున మీ ఖాతాలో వేసేది ఇక్కడి బ్యాంకే కదా.

ఇక బ్రాంచి గొడవ. చాలా బ్రాంచీలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు, ఉండక్కర్లేదు కూడా. 8 అక్షరాలుంటే అది బ్యాంకు కోడ్, 11 ఉంటే చివరి మూడూ ఫలానా ఆఫీసును చెబుతాయి. మీ ఖాతా తణుకులో ఉన్నా, బ్యాంకు చెప్పిన ఫారెక్స్ (విదేశీ డబ్బు వ్యవహారాలు చూసే) బ్రాంచి కోడూ, మీ ఖాతా నంబరూ, పాస్‌బుక్‌లో ఉన్నట్టే పేరూ ఇస్తే లోపల వాళ్లే చేరుస్తారు. కాకపోతే కోడ్ బ్యాంకునే అడగండి. నేనోసారి నెట్‌లో ఎక్కడో పాత లిస్టు చూసి ఇస్తే డబ్బు పోలేదు గానీ, మూడు వారాల టెన్షన్ తర్వాత ఛార్జీలు పోను మిగిలింది పంపినవాళ్లకే తిరిగెళ్లింది.

కోడ్ దాచుకోమనడం మరీ విడ్డూరం. బ్యాంకులే వెబ్‌సైట్లలో పెట్టుకుంటాయి దాన్ని. 2016లో బంగ్లాదేశ్ బ్యాంకు సొమ్ము 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు తరలించిన దొంగలు బ్యాంకు కంప్యూటర్లలోకే దూరి, దాని పేరుతోనే స్విఫ్ట్‌లో డబ్బు పంపమనే సందేశాలు పంపారు. కోడ్ దాస్తే ఆగేదా అది? దాచాల్సింది ఓటీపీ, పిన్.

పైసా తగ్గదా? స్విఫ్ట్ మోసేది సందేశాన్నే, డబ్బు బ్యాంకుల మధ్య ఉన్న ఖాతాల్లో చేతులు మారుతుంది, మధ్య బ్యాంకు తన కమీషన్ కోసుకోవచ్చు. పంపేటప్పుడు 'అవర్' అని పెడితే ఛార్జీలు పంపేవాళ్లవి, 'బెన్' అంటే మీవి, 'షా' అంటే పంచుకోవడం. ఆపైన రూపాయల్లోకి మార్చే రేటులో బ్యాంకు మార్జిన్ వేరే. అన్నీ సరిగ్గా ఇచ్చినా రాకపోతే పంపినవాళ్లను యూఈటీఆర్, అంటే ఆ చెల్లింపు జాడ తీసే నంబరు అడగండి, డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో వాళ్ల బ్యాంకు దాంతోనే వెతుకుతుంది.